ఫిలిము కడుగుట

ఫోటో దుకాణమునకు పోయి "ఈ రీలు కడిగి పెట్టండి" అని యడుగుట తెలుగునాట చిరకాలము వాడుకలో నుండెను. డెవలప్ చేయుటకు జనులు పెట్టుకొన్న పేరది. నేడట్టి దుకాణములు అరుదైనవి. నలుపు తెలుపు రీలు తీయువారు తరచు ఇంటిలో తామే కడుగుకొనవలసి వచ్చుచున్నది. చదువుకొన్నవారు ఆ మాటను మోటుగా నెంచవచ్చును గాని, ఈ పనిలోని మర్మము దానిలోనే యున్నది.

ఫిలిముమీది జిలాటిను పొరలో వెండి లవణపు రేణువులుండును. వెలుగు సోకిన రేణువులను డెవలపరు నల్లని వెండిగా మార్చును. సోకని లవణమును హైపో కరగించి తొలగించును. హైపోకు గల యీ గుణమును 1819లో ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ వెల్లడించెను.

ఫిలిమును చుట్టకెక్కించి డబ్బాలో పెట్టి మూత బిగించువరకు గాఢాంధకారము వలయును. సినిమాలలో కనబడు ఎర్రదీపమును నమ్మరాదు. అది కాగితముపై బొమ్మ వేయునపుడు పనికివచ్చునే కాని, నేటి ఫిలిములలో పెక్కింటిని ఆ వెలుగు చెరచును. మూత పడిన పిమ్మట మిగిలిన పని పట్టపగలే చేయవచ్చును. డెవలపరుకు సాధారణముగా 20 డిగ్రీల వేడిమి విధింతురు. మన వేసవిలో కుళాయినీరే 30 డిగ్రీలు దాటును గనుక, సీసాలను మంచుగడ్డలు వేసిన నీళ్ళతొట్టిలో నుంచవలెను. వేడిమి హెచ్చినచో నెగటివు మితిమీరి నల్లబడును.

ఇంతవరకు అందరును జాగ్రత్తగానే యుందురు. హైపో పని ముగిసి మూత తీయగానే బొమ్మలు కనబడును; ఇక ఆగలేరు. నాలుగు చెంబుల నీళ్ళు గుమ్మరించి ఆరవేయుదురు. తప్పంతయు ఇచటనే జరుగుచున్నది. పొరలో మిగిలిన హైపో వెండిని మెల్లమెల్లగా తినివేయును. ఆనాడు నెగటివు నిర్దోషముగానే తోచును. ఏండ్లు గడచిన పిదప పసుపు మరకలు పొడమి, తాతగారి ముఖము వెలిసిపోవును. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడగు రాజా దీన్ దయాళ్ 1905లో గతించెను. ఆయన గాజుపలకల నెగటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నేటికిని ఉన్నవి. కడుగుటలో తొందరపడినవారి పని అన్నినాళ్ళు నిలుచునా?

నీటికరవు గల సీమలలో అరగంటసేపు కుళాయి విడుచుట తగునా యని కొందరు ఆక్షేపింతురు. ఆ మాట న్యాయమే. దీనికి ఇల్ఫర్డు కంపెనీవారు చెప్పిన ఉపాయము మేలైనది. పొరను గట్టిపరచు మందు కలియని ఫిక్సరు వాడినచో, డబ్బానిండ నీరు పోసి 5 మారులు తలక్రిందులు చేసి పారబోయవలెను. మరల క్రొత్తనీటితో 10 మారులు, కడపట 20 మారులు. 35 మిల్లీమీటర్ల రీలొకటికి లీటరు నీరు చాలును. కావున నీటికొరత తొందరపాటునకు సాకు కాజాలదు.

వాడిన ఫిక్సరు సంగతి వేరు. దానిలో కరిగిన వెండి యుండును. అది నీటిలోని ప్రాణులకు కీడు చేయగలదు. బావిదగ్గర గాని కాలువలో గాని పోయుట కూడని పని. వంటపాత్రలకు దూరముగా, పేరు వ్రాసిన సీసాలో పోసి, చిన్నపిల్లలకందని చోట దాచి, వెండిని వేరుచేయువారికి అప్పగింపవలెను. ఎక్స్‌రే కేంద్రములనుండి అట్టి ద్రవమును వెలయిచ్చి కొనువారు పట్టణములలో కలరు.