మొటిమలు – విద్యార్థుల కర్తవ్యము

ఈ వార్షిక సంచికయందు మొటిమలను గూర్చి వ్రాయబూనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. కాని సంచికకై తరగతి ఛాయాపటము తీయించిన నాడు, ముఖమునందలి మొటిమలకు సిగ్గుపడి వెనుక వరుసలో దాగిన సహపాఠులను మేమెఱుగుదుము. కావున నిది నవ్వదగిన విషయము కాదని మా యభిప్రాయము.

మొటిమలు చెడుతలంపులకు గాని, అశుభ్రతకు గాని చిహ్నములు కావు. యౌవనారంభమున శరీరమునందు హార్మోనులు హెచ్చుటచే చర్మములోని తైలగ్రంథులు అధికముగా నూనెను స్రవించును. ఆ నూనెయు, మృతకణములును గలిసి రోమకూపములను మూసివేయగా, అందు సూక్ష్మజీవులు వృద్ధిజెంది వాపును, ఎఱుపును, చీమును గలిగించును. మన కర్నూలు, కడప సీమలలో వేసవియెండ 40 డిగ్రీలను దాటును. తలకు విరివిగా రాచుకొనిన నూనె చెమటతో నుదుటికి జాఱి యీ రంధ్రములను మఱింత మూయును. నూనె మితముగా రాచుకొనుట మేలు.

పెద్దలు బనగానపల్లి మామిడిపండును, వేరుసెనగకాయలను వేడిచేయునని నిందింతురు. ఆ నిందకు తగిన ఋజువు లేదు. మితిమీఱిన చక్కెర కొందఱికి మొటిమలను హెచ్చించునని మాత్రము పరిశోధనలు సూచించుచున్నవి. కావున మానదగినది మామిడిపండు కాదు, సీసాలలో నమ్ము తీపిపానీయము.

మనది నీటియెద్దడిగల సీమయైనను, దినమునకు రెండుమాఱులు మెత్తని సబ్బుతో ముఖము కడుగుకొనుటకు చెంబెడు నీరు చాలును. అంతకుమించి రుద్దినచో చర్మము రేగును. గిల్లినచో మచ్చయు, గుంటయు మిగులును. నిమ్మరసము, పళ్ళపేస్టు పూయుట మంటకే దారితీయును.

అన్నిటికంటె ప్రమాదకరమైనది వేఱొకటి గలదు. మాలో నొకరు మందుల దుకాణమున నడిగి, ముఖము తెల్లబఱచునను క్రీమును దెచ్చి పూసికొనిరి. కొలదిదినములు ముఖము తేటగా నుండెను. పిమ్మట చర్మము పలుచబడి, ఎఱ్ఱవాఱి, మానినంతనే మొటిమలు ఇబ్బడిగా లేచెను. అందున్నది స్టెరాయిడ్ మందని తరువాత వైద్యుడు చెప్పగా దెలిసినది. బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి యీ మందులను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని కేంద్రప్రభుత్వము 2018వ సంవత్సరమున నిబంధన చేసినది. అమ్మువారు మఱచినను కొనువారమైన మనము మఱువరాదు.

మొటిమలకు మంచి మందులు లేకపోలేదు. బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ అనునవి వైద్యుని సలహాపై వాడదగినవి. మొదటిది తువాలు రంగును పోగొట్టును గనుక జాగ్రత్త వలయును. గుణము కనబడుటకు 8 మొదలు 12 వారములు పట్టును. ఓర్పులేక నడుమ మానువారే యెక్కువ. పెద్దగడ్డలుగా లేచి నొప్పిపెట్టునప్పుడు ఆలస్యము చేయక చర్మవైద్యుని జూడవలెను. కర్నూలునందు 1956లోను, కడపయందు 2006లోను వైద్యకళాశాలలు వెలసినవి. వానికి జేరిన సర్వజన వైద్యశాలలకు బోవుటకు సిగ్గేల?

మిత్రులారా! తోటివారి ముఖముజూచి హేళన చేయుట మానుడు. తెలిసినది చెప్పుడు. వచ్చు సంవత్సరపు ఛాయాపటమునందు ఏ సహపాఠియు వెనుక వరుసలో దాగవలసిన యవసరము లేకుండుగాక!