బిడ్డల భారమెవరిది?

విశాఖపట్టణపు రేవు 1933లో తెరవబడినది. ఉక్కు కర్మాగారము 1992లో జాతికంకితమైనది. రేవును రైలును ఉన్నచోటికి పని వెదకికొనుచు జనులు వచ్చుట సహజము. వారి వెంట ఇల్లు విడిచిన బిడ్డలును వత్తురు. మన్యమునుండి యొకడు వచ్చును, ఒడిశానుండి యొకడు వచ్చును. తండ్రి దెబ్బలకు వెరచి బండియెక్కి, ఈ స్టేషనులో కన్ను తెరచినవాడు మరియొకడు. ప్లాటుఫారముపై నిలిచిన ఆ బిడ్డ యెవరి బిడ్డ?

చట్టము దీనికి స్పష్టముగా బదులు చెప్పినది. 2015వ సంవత్సరపు బాలన్యాయ చట్టము ననుసరించి, రక్షణ కావలసిన బిడ్డను, ప్రయాణకాలము విడిచి, 24 గంటలలో బాలల సంక్షేమ కమిటీ యెదుట నిలుపవలెను. ఆ కమిటీ నెలకు 20 దినములకు తక్కువగాకుండ కూడవలెను. బిడ్డను తొలిసారి చూచిన నాలుగు నెలలలో తుది నిర్ణయము చేయవలెను. మద్రాసు రాజధానిలో 1920లోనే బాలల చట్టము పుట్టినది. కావున చట్టములకు మనకు కరవు లేదు.

కరవున్నది పూచీకి. బిడ్డను కనుగొనునది రైల్వే పోలీసులు, ఆశ్రయము చూపునది స్త్రీ శిశు సంక్షేమశాఖ, బడిలో చేర్చునది విద్యాశాఖ, పనిలో పెట్టినవానిపై చర్య తీసికొనునది కార్మికశాఖ. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా మూడు జిల్లాలైనది. నాటినుండి పాడేరు బిడ్డ విశాఖలో దొరికినచో రెండు జిల్లాల కచ్చేరీలు కదలవలెను. ఒడిశా బిడ్డయైనచో రెండు రాష్ట్రములు కదలవలెను. పదిమందిలో పాము చావదన్న సామెత ఇట్టి పనులనుగూర్చియే పుట్టినది.

అందుచే రాష్ట్ర ప్రభుత్వమువారు ఈ శాఖలన్నిటిని ఒక్కతాటిపై నడుపు అధికారముగల టాస్క్‌ఫోర్సు నొకదానిని నియమింపవలెనని మేము కోరుచున్నాము. ఉన్న సంఘములు చాలవా యని కొందరందురు. కాగితముపై మరియొక సంఘము పుట్టుట మాకును సమ్మతము కాదు. దీనికి గడువుండవలెను; పని నిర్ణీతమై యుండవలెను. ఏ గృహమున నెందరు బిడ్డలు ఎన్నాళ్లనుండి యున్నారో లెక్క తీయుట, ఖాళీపడిన స్థానములను వెంటనే నింపించుట, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క యుద్యోగిని బాధ్యుని జేయుట, మూడు నెలలకొకసారి జరిగిన పనిని ప్రజలకు ప్రకటించుట, ఇవియే ఆ పనులు. బిడ్డను ఇల్లు చేర్చినంతనే పని ముగియదు. ఏ యాకలి, ఏ దెబ్బ వానిని తరిమినదో అది యింటనే యున్నచో, వాడు మరల బండి యెక్కును.

పౌరులకును విధి కలదు. ఒంటరి బిడ్డ కంటబడినచో 1098కి తెలుపుట యెంతటి పని?

ఉక్కు మా హక్కని 1966లో ఎలుగెత్తి, నెత్తురు ధారవోసిన పట్టణమిది. బిడ్డలకు ఊరేగింపు తీయు బలము లేదు, ఓటు లేదు. వారి పక్షమున మనమడుగకున్న అడుగువారెవ్వరు?