చెంబు కథ సరే, లింకు పత్రాలేవీ?

ఆదిలాబాద్‌లో మా రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట ఒక వెంచర్ ఫ్లెక్సీ వేలాడుతోంది. 'మూడు తరాల నమ్మకం' అని పెద్దక్షరాలు, పక్కన తలపాగాతో తాతగారి ఫొటో. రాజస్థాన్ నుంచి చెంబూ తాడూ పట్టుకుని వచ్చాడట. పత్తి కొన్నాడు, అప్పులిచ్చాడు, జిన్నింగ్ మిల్లు పెట్టాడు. మిల్లు మూతపడ్డాక మనవలు ఆ జాగాను, దాని వెనక చేన్లను కలిపి ప్లాట్లు కొట్టారు. ఇలాంటి ఇళ్లు ఈ జిల్లాలో ఇంకా ఉన్నాయి. కరీంనగర్‌లోనైతే పత్తి బదులు బట్టల దుకాణమో బంగారమో, అంతే తేడా.

2025 ఆగస్టులో ఆమనగల్లు వైపు నుంచి 'మార్వాడీ గో బ్యాక్' కేక లేచింది. నాకది నచ్చలేదు. ఆ మనవలు పుట్టిందీ బడికెళ్లిందీ ఇక్కడే. ఇంట్లో మార్వాడీ మాట్లాడినా బేరం తెలుగులో చేస్తారు, సంత రోజు గోండీ ముక్కలూ కలుపుతారు. ఎక్కడికి పొమ్మంటాం? అలాగని చెంబు కథను పూర్తిగా మింగడమూ నావల్ల కాదు. చెంబుకూ వెంచర్‌కూ మధ్య ఏం జరిగిందో ఫ్లెక్సీ మీద లేదు.

అది దస్తావేజులో ఉంటుంది. రాతకోతలతోనే బతుకుతున్నవాణ్ని, ముందు నా కన్ను పోయేది హద్దుల మీదికే. నిజాం కాలపు ఉర్దూ కాగితం తీస్తే తూర్పున ఆత్రం వారి చేను, దక్షిణాన మెస్రం వారి చేను, పడమర వాగు. రెండూ గోండు ఇంటిపేర్లే. అదే నేలకు రెండు తరాల తర్వాతి కాగితంలో నాలుగు దిక్కులా ఒకే ఇంటిపేరు. ఇప్పటి కాగితంలోనైతే తూర్పున ప్లాట్ నంబరు, పడమర ముప్పై అడుగుల రోడ్డు. వాగు కూడా రోడ్డయింది, అది వేరే కథ.

షావుకారు ఒక్కడే ఇదంతా చేశాడంటే అబద్ధం. పెన్‌గంగ అవతలి బేరార్‌లో పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో నిజాం సర్కారే అప్పు తీర్చలేక పార్సీ వ్యాపారులకు జిల్లాల శిస్తు రాసిచ్చింది. రాజ్యమే తాకట్టుకు దిగితే గోండు రైతు ఎంత? 1940లో కుమ్రం భీం తిరుగుబాటు తర్వాత ఇక్కడ పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోండులకు పట్టాలిప్పించాడు. ఆ భూములూ ఎలా జారిపోయాయో తర్వాత ఆయనే రాశాడు. రోడ్లు పడ్డాక వచ్చినవాళ్లలో మరాఠ్వాడా రైతులున్నారు, కోస్తా ఆసాములున్నారు, మన కరీంనగర్ వాళ్లూ ఉన్నారు.

ఇలా జారిపోవడానికి అడ్డుకట్టగా ఏజెన్సీ భూముల బదిలీపై 1959 నిబంధన వచ్చింది, 1963లో తెలంగాణకు వర్తించింది. 1970లో 1/70గా పదునెక్కింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినట్టే భావించాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది పట్టుకున్నవాడే. 1988లో సుప్రీంకోర్టూ దాన్ని నిలబెట్టింది. మధ్యలో 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి అడిగిన గోండుల మీద కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలోనే 13 మంది పోయారు. చట్టం ఉన్నా ఉట్నూరు, ఇంద్రవెల్లి మడిగెల బేరాలు స్టాంపు కాగితం మీద నడుస్తూనే ఉన్నాయి. కొనేవాడొకడు, పేరు మరొకడిది. అందులో మార్వాడీల కన్నా తెలుగు ఇంటిపేర్లే నాకు ఎక్కువ కనబడతాయి. నినాదం ఇచ్చినవాళ్లు ఇది కూడా చూడాలి.

నేనడిగేది చిన్న పని. ఆదిలాబాద్‌లోనైనా కరీంనగర్‌లోనైనా లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు ఆ సర్వే నంబరుకు 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించాలి, అక్కణ్నుంచి నేటిదాకా చేతులు మారిన కాగితాలన్నీ బ్రోచర్‌లో వేయించాలి. స్విమ్మింగ్ పూల్ బొమ్మ తీసేస్తే చోటు దొరుకుతుంది. సేటు వెంచరైనా, రెడ్డిగారిదైనా, దొరవారిదైనా ఇదే రూలు. నకలు ఫీజు వాళ్లు భరించలేనంత ఏమీ కాదు.