కూతకెళ్ళే అమ్మాయికి కాంట్రాక్టు ఎప్పుడు?

సంక్రాంతికి మా కోనసీమ ఊళ్ళలో ఆడపిల్లలకి ముగ్గుల పోటీ, మగపిల్లలకి కబడ్డీ పోటీ. ముగ్గుకి స్టీలు గిన్నె, కబడ్డీకి నగదు బహుమతి. ఇదీ ఒక సమస్యేనా అని నవ్వేవాళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నారు. నాకు నవ్వు రాదు. మగపిల్లవాడి ఆట వృత్తిగా మారే దారి ఆ నగదు దగ్గరే మొదలవుతుంది.

2014లో ప్రో కబడ్డీ లీగ్ వచ్చాక ఆ దారి రహదారి అయింది. ‘తెలుగు టైటాన్స్’ అని మన భాష పేరుతోనే ఒక జట్టు వచ్చింది. 2018 వేలంలో ఆటగాళ్ళ ధర మొదటిసారి కోటి రూపాయలు దాటింది. (మనుషుల్ని వేలం వెయ్యడమేమిటన్నది వేరే చర్చ.) మరి ఆడవాళ్ళకి? 2016లో మూడు జట్లతో ‘విమెన్స్ కబడ్డీ ఛాలెంజ్’ అని మగవాళ్ళ పోటీల పక్కన నడిపి, ఒక్క సీజనుతోనే ముగించారు. ఆట చేతకాక కాదు. ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీ 2010లో మొదలైతే ఆ ఏడూ, 2014లోనూ, 2023లో హాంగ్‌ఝౌలోనూ బంగారు పతకం మనవాళ్ళదే.

‘ఆడవాళ్ళ ఆట ఎవరు చూస్తారండీ’ అంటారు. దీనికి జవాబు ఆస్ట్రేలియాలో దొరికింది. అక్కడ ‘ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్’ అని కోలబంతితో ఆడే ఆట ఉంది. ఒళ్ళూ ఒళ్ళూ ఢీకొట్టుకునే ఆట కాబట్టి అదీ మగవాళ్ళ సొత్తుగానే చెలామణీ అయింది. ఎరిన్ ఫిలిప్స్ చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి ఆడేది. పదమూడేళ్ళు వచ్చేసరికి ఇక ఆడకూడదన్నారు. బాస్కెట్‌బాల్‌కి పోయి, అందులో ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. 2017లో మహిళల లీగ్ పెట్టాక తన ఆటకి తిరిగొచ్చేనాటికి ఆమెకి 31 ఏళ్ళు. ఆ మొదటి ఏడాదే లీగ్‌లో ఉత్తమ క్రీడాకారిణి అయింది. మధ్యలో పోయిన ఆ ఏళ్ళకి ఎవరు బాధ్యులు?

ఆ లీగ్ మొదటి మ్యాచ్‌కి 24,568 మంది వచ్చారు. మైదానం నిండి గేట్లు మూసెయ్యాల్సి వచ్చింది. అయినా ఆ ఏడాది ఎక్కువమందికి దక్కింది 8,500 డాలర్లే. పొద్దున ఉద్యోగం, సాయంత్రం సాధన. తర్వాత వచ్చిన మార్పు యాజమాన్యాల దయ కాదు. 2019లో, తమకిచ్చే ఆటలు చాలవని క్రీడాకారిణుల్లో ఒక వర్గం ఒప్పందాన్ని మొదటి ఓటింగులో అడ్డుకున్నారు. 2023 నాటికి స్త్రీ పురుషులిద్దరికీ కలిపి ఒకే ఒప్పందం వచ్చింది, జీతాలు పెరిగాయి, గర్భిణులకి రక్షణ వచ్చింది. అంటే వాళ్ళు ఆటని శ్రమగా లెక్క కట్టించుకున్నారు.

అవమానాలు అక్కడా తప్పలేదు. 2019లో టేలా హారిస్ బంతిని తన్నుతున్న ఫోటో కింద మగవాళ్ళు రాసిన నీచమైన మాటలు చూసి, టీవీ చానల్ ఆ రాసినవాళ్ళని వదిలేసి ఫోటోనే తీసేసింది. జనం తిరగబడ్డాక మళ్ళీ పెట్టింది. నిక్కరు వేసుకుందని ఇంటికొచ్చి తల్లికి పితూరీ చెప్పే పెద్దమనుషులు మన లంకల్లోనే ఉన్నారనుకోనక్కర్లేదు.

నేను చూసిన మన అమ్మాయిల సంగతి ఇది. హైస్కూల్లో జట్టు, ఇంటర్లో జిల్లా పోటీలు, ఆ తర్వాత పెళ్ళిచూపులు. మోకాలు తిరిగితే వైద్యం ఖర్చు తండ్రి అప్పు, పైగా ‘కాలు అవిటిదైతే సంబంధం ఎలా’ అన్న సాధింపు. మిగిలే ఆశల్లా స్పోర్ట్సు కోటాలో రైల్వేనో పోలీసో. బీడీ కార్మికుల, రొయ్యల షెడ్లలో కూలీల, అంగన్‌వాడీ టీచర్ల వేతనాల గురించి మనం ఎన్నో మీటింగులు పెట్టాం. ఆడి బతకాలనుకునే పిల్ల గురించి ఒక్క తీర్మానమైనా చేశామా?

ఈసారి సంక్రాంతికి ముందే ఉత్సవ కమిటీల దగ్గరికి వెళ్దామని మా మండలంలో కొందరం అనుకున్నాం. ఆడపిల్లల కబడ్డీ పెట్టండి, బహుమతి మగపిల్లలతో సమానంగా నగదే ఇవ్వండి, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు కమిటీదే అని కాగితం మీద రాసివ్వండి అని అడుగుతాం. ఆ కాగితం నకలు కబడ్డీ సంఘానికీ పంపుతాం. మీ మండలాల్లో ఎవరు వెళ్తారో రాయండి.