బొమ్మల మెదడు చాలదు

సంపాదకులకు,

మొబైల్‌లో త్రీడీ బొమ్మలు వచ్చాక మెదడు నిర్మాణం కష్టమనడం విద్యార్థుల సాకేనని పోయిన వారం వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. ఎంబీబీఎస్ మొదటి ఏడాది చదువుతున్న మా అమ్మాయి అవస్థ రోజూ చూస్తున్నాను.

12 కపాల నాడుల పేర్లు ఎవరైనా బట్టీ పట్టొచ్చు. కానీ అడ్డంగా కోసిన మెదడు ముక్కలో థాలమస్ పక్కనే సన్నటి తెల్లచార ఉంటుంది, ఇంటర్నల్ క్యాప్సూల్. అక్కడ చిన్న రక్తనాళం చిట్లితే చాలు, రెండోవైపు కాలూ చెయ్యీ పడిపోతాయి. కాలూ చెయ్యీ కదిలించే ఆ నాడుల దారి ఎక్కణ్నుంచి దిగి, ఎక్కడ పక్క మారుతుందో మనసుకెక్కాలంటే ముక్కను చేత్తో తిప్పి చూడాలి. బొమ్మలో ప్రతిదానికీ ఓ రంగు. ఫార్మలిన్‌లో గట్టిపడిన అసలు మెదడులో అంతా బూడిద, మీగడ రంగే.

వ్యవధీ తక్కువే. 18 నెలల ఎంబీబీఎస్ తొలి దశను 1997 నిబంధనలు 12 నెలలకు కుదించాయి. పాత వ్యవధి మళ్ళీ రాలేదు. మెదడు, నాడుల చదువంటే భయం అమెరికాలోనూ ఉంది. రాల్ఫ్ జోజెఫోవిజ్ అనే వైద్యుడు 1994లోనే దానికి న్యూరోఫోబియా అని పేరు పెట్టాడు. పిల్లలను నిందిస్తే అది పోదు, అసలు మెదడు వాళ్ల చేతికి అందాలి.

అందుకే సూరత్‌లోని సచిన్, ఉధనా, లింబాయత్‌లలో మరమగ్గాల మీద బతుకుతున్న మన తెలుగు కుటుంబాలకు నా విన్నపం: మరణానంతర దేహదానం గురించి ఇంట్లో మాట్లాడుకోండి. సూరత్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ అనాటమీ విభాగాన్ని అడిగి వివరాలు తెలుసుకోండి. మెదడు త్వరగా పాడవుతుంది, మరణ కబురు కాలేజీకి చేర్చడంలో ఆలస్యం చేయకండి.

— ఒక తండ్రి, సచిన్, సూరత్