క్రెడిట్ల లెక్క చేరిన రోజే చెప్పాలి

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి ప్రధానంగా ‘దోస్త్’ ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారానే జరుగుతున్నాయి. ఇంటర్ పాసైన విద్యార్థి పేరు నమోదు చేసుకుని వెబ్ ఆప్షన్లు ఇవ్వాలి. సీటు వచ్చాక గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకుంటే అది చేజారుతుంది. ఇంతవరకూ హెల్ప్‌లైన్ కేంద్రాలు దారి చూపుతున్నాయి. అసలు చిక్కు ఆ తర్వాతే. పట్టా చేతికందాలంటే ఏమేం పూర్తిచేయాలో విడమరిచి చెప్పేవారు కరవు.

2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 కావాలి. ఆ 120లో మేజర్‌కు కనీసం 60, మైనర్‌కు 24. మిగిలినవి భాషలు, నైపుణ్యాలు, విలువల కోర్సులు, ఇంటర్న్‌షిప్ వంటివి. పరిశోధనతో కూడిన ఆనర్స్ చదవాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలి. ఈ సంగతి మూడో ఏడాదిలో తెలిస్తే ఏం లాభం?

ఇంట్లో తొలిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకు ఈ లెక్క చెప్పేవారుండరు. అందుకే విశ్వవిద్యాలయాలు తమ నిబంధనలను తేలిక తెలుగులో ముద్రించి మొదటి వారంలోనే పంచాలి. ఎన్ని క్రెడిట్లు వచ్చాయో, ఎన్ని మిగిలాయో ప్రతి సెమిస్టర్‌కూ తెలపాలి. అది విద్యార్థి హక్కు.