యానాము మాట యానామే చెప్పవలెను

ఎదురులంక యొడ్డున నిలిచి గౌతమి కడ్డముగ చూచినచో యానాము కానవచ్చును. ఆ యొడ్డువారిదియు తెలుగే. పెండ్లి సంబంధములు, కొబ్బరి బేరములు రెండు గట్ల నడుమ తరతరములుగ సాగుచున్నవి. 2002లో బాలయోగిగారి పేరిటి వారధి వచ్చిన పిమ్మట పడవకై కాచుకొను బాధయు తీరినది. కావుననే “ఈ పిడికెడు నేలకు వేరు పాలన యేల, మనలో కలిపివేయరాదా?” యనువారు కోనసీమలో కలరు. ఇది తేలికగ అనదగిన మాట కాదు.

దక్షిణ అమెరికాలో ఉరుగ్వే యను చిన్న దేశము కలదు. ఇటు బ్రెజిలు, అటు అర్జెంటీనా, రెండును మహాకాయములు. 1821లో పోర్చుగీసు బ్రెజిలు దానిని తనలో కలుపుకొనెను. 1825లో లవయేహా నాయకత్వమున ముప్పదిముగ్గురు వీరులు ఉరుగ్వే నది దాటివచ్చి తిరుగుబాటు రేపిరి. అర్జెంటీనా సాయము వచ్చెను; సాయము వచ్చినవారికిని ఆ నేలపై ఆశ లేకపోలేదు. తిరుగుబాటుదారులే తొలుత ఆ పక్షమున కలయుదుమని ప్రకటించి యుండిరి. యుద్ధమున నెవ్వరును గెలువజాలక, 1828లో ఆంగ్లేయుల మధ్యవర్తిత్వమున ఉరుగ్వేను స్వతంత్రముగ విడిచిరి. విడ్డూరమేమనగా, ఆ సంధిపై ఉరుగ్వేవారి చేవ్రాలొక్కటియు లేదు! బానిసత్వమున అడుగనివారు స్వాతంత్ర్య మిచ్చునపుడును అడుగలేదు. ఆంగ్లేయునికి కావలసినది నదీముఖమున తన వర్తకము. అయినను రెండువందల యేండ్లు కావచ్చుచున్నది, ఉరుగ్వే ఉరుగ్వేగనే నిలిచియున్నది.

యానాము దేశము కాదు, భారతదేశమున భాగము. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున సేవాదళము ప్రవేశించి ఫ్రెంచి ఏలుబడిని కూలద్రోసినది ఆ భావముతోనే. ఆ యేడు నవంబరు 1న పాలన మన చేతికి వచ్చెను. అయితే 1956 మే 28 నాటి ఒడంబడిక రెండవ అధికరణమున, ఈ సీమల ప్రత్యేక ప్రతిపత్తిని మార్చదలచినచో ప్రజాభిప్రాయము తెలిసికొనియే మార్చవలెనని మన ప్రభుత్వము మాట యిచ్చినది. 1962 ఆగస్టు 16న అది అమలునకు వచ్చెను. 1979 జనవరిలో పొరుగు రాష్ట్రములలో విలీనమను మాట వినవచ్చినంతనే పాండిచేరి ప్రజలు వీథుల కెక్కిరి.

జాతీయవాదులమగు మేమిట్లనుట కొందరికి వింతగ తోపవచ్చును. పరాయివానిని వెడలగొట్టిన జనుల నోరు నొక్కుట జాతీయత యెట్లగును? ముప్పది ఎన్నిక స్థానముల సభలో ఒక్క స్థానము, ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున ముఖ్యపట్టణము: యానామునకు కష్టములు లేవనము. వానిని ఎంచి చెప్పవలసినవారు వారే.

2022 జూలై వరదలో గౌతమి రెండు గట్లను చూచి వేరుచేయలేదు. గట్ల పటిష్ఠమునకు, వరద హెచ్చరికలకు ఇరుప్రభుత్వముల యధికారులు ఒక్కచోట కూర్చుండి మాటలాడుకొనిన చాలును; దానికి విలీనముతో పనిలేదు.